ఇంట్లో హార్డ్ డిస్కు మోత

మా అమ్మ భాషలో మానిటర్ అంటే టీవీ, సీపీయూ అంటే పెట్టె. 2025 అక్టోబరులో ఒక రోజు ఫోన్ చేసి, "ఒరే, పెట్టె గొణుగుతోందిరా" అంది. నేనేమో మీటింగులో ఉన్నా. "దుమ్ము పట్టి ఉంటుందమ్మా, ఫ్యాను సౌండయ్యుంటుంది" అనేసి పెట్టేశా.

ఇక్కడ మీకో విషయం చెప్పాలి. నేను హైదరాబాదులో చేసేది స్టోరేజీ టీములో ఉద్యోగం. సర్వర్లో ఒక డిస్కు పోతే వాడేవాడికి తెలియకుండానే ఇంకోటి దాని పని అందుకునేలా చూడ్డం నా పని. అలాంటివాణ్ణి చూడకుండా, వినకుండా ఫోన్లోనే జబ్బు తేల్చేశా. మా ఊరి ఆరెంపీ డాక్టరు నయం, కనీసం స్టెతస్కోపు పెడతాడు.

వారం తర్వాత ఈసారి నాన్న చేశారు. ఆయన లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు కాబట్టి ఏదైనా లెక్కపెట్టి మరీ చెప్తారు. "టిక్కు టిక్కుమని ఐదారు సార్లు కొడుతోందిరా. తర్వాత ఆగుతుంది. ఆ కాసేపూ మౌసు కదలదు. మళ్ళీ మామూలే." చూశారా, ఇంతకంటే స్పష్టమైన బగ్ రిపోర్టు నాకు ఆఫీసులో ఎప్పుడూ రాలేదు. అయినా నేనేం చేశానంటే, ఇక్కడ్నించే ఆ కంప్యూటర్లోకి లాగినై, 'చెక్‌డిస్క్' మొదలెట్టి, తప్పులుంటే సరిచేయమని చెప్పి, హాయిగా పడుకున్నా. తెల్లారి చూస్తే పన్నెండు శాతం దగ్గర ఆగి ఉంది. టిక్కులు ఐదారు కాదు, పదిహేను దాకా పోతున్నాయన్నారు నాన్న.

అప్పుడు గానీ నా నిద్ర వదల్లేదు. ఎందుకంటే ఆ పెట్టెలో ఏముందో నాకు అప్పుడు గుర్తొచ్చింది.

కాస్త వెనక్కి వెళ్దాం. మా నాన్నది దివిసీమ, నాగాయలంక దగ్గర. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి తొమ్మిదేళ్ళు. పదివేల మందికి పైగా పోయిన ఉప్పెన అది. మా తాతయ్య, నాయనమ్మ, నాన్న బతికి బయటపడ్డారు గానీ ఇంట్లో గోడ కూడా మిగల్లేదు. నాన్నకి తన చిన్నప్పటి ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు. అందుకే కాబోలు, ఫోటో అంటే ఆయనకి భక్తి. 2010లో నా చదువు కోసమని ఈ కంప్యూటర్ కొన్నారు, ఐదొందల జీబీ హార్డ్ డిస్కుతో. నేను దాంతో ఏం చదివానో దేవుడికెరుక గానీ, ఆయన మాత్రం ఆ మర్నాటేడు వేసవి సెలవుల్లో ఒక నెట్ సెంటర్లో కూచుని ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోనీ స్కాన్ చేయించారు. 2012లో నాయనమ్మని కూచోబెట్టి ఆ ఉప్పెన రాత్రి కథంతా రికార్డు చేశారు. నలభై నిమిషాల ఎంపీత్రీ. నాయనమ్మ ఆ తర్వాతేడే పోయింది.

ఇక 2024 సెప్టెంబరు 1, ఆదివారం. బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. ముందురోజు నుంచీ కుండపోత, బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు, తెల్లారేసరికి అజిత్‌సింగ్ నగర్ వీధుల్లో నీళ్ళు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు. ఆ సంఖ్య చాలామందికి గుర్తుండే ఉంటుంది. కానీ మా వీధిని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. మా అమ్మానాన్నలది కింది వాటా అద్దిల్లు. నీళ్ళు మొదట మురుక్కాలవలోంచి వచ్చాయిట, తర్వాత గుమ్మంలోంచి. నాన్న మొట్టమొదట పైకి మోసుకెళ్ళింది ఆ పెట్టెని. రెండోసారి దిగేసరికి మోకాళ్ళ లోతు. మందులు, సర్టిఫికెట్లు, బియ్యం బస్తా పట్టుకెళ్ళారు. మూడోసారి ఇంటాయన దిగనివ్వలేదు.

అమ్మ పెళ్ళి ఆల్బమ్ బీరువా అడుగు అరలో ఉండిపోయింది. పది రోజుల తర్వాత బురద కడుగుతుంటే దొరికింది, పుటలన్నీ కలిసి అట్టముక్కలా. ఇప్పటికీ అమ్మ దెప్పుతుంది, "పెట్టెని మోశాడు గానీ పెళ్ళిని వదిలేశాడు" అని. నాన్న ప్రతిసారీ ఒకటే జవాబు: "అది కూడా పెట్టెలోనే ఉంది కదే."

ఉంది. ఒక్కచోట ఉంది. ఆ ఒక్కచోటుకి అప్పటికి పదిహేనేళ్ళు. వరద వెళ్ళి ఏడాది దాటినా, మూడు పూటలూ బ్యాకప్పుల గురించే మాట్లాడి జీతం తీసుకునే నాకు ఇంకో కాపీ తియ్యాలని తోచలేదు. మా కంపెనీలో ఎవడూ చదవని లాగ్ ఫైళ్ళకి మూడేసి కాపీలుంటాయి. మా అమ్మ పెళ్ళికి ఒకటి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే మరి. కాకపోతే మా ఇంట్లోది ఈగల మోత కూడా కాదు.

"నాన్నా, ఇంక దాన్ని ఆన్ చెయ్యొద్దు. ప్లగ్గు కూడా పీకెయ్" అని చెప్పి, శుక్రవారం సాయంత్రం శాతవాహన ఎక్కా.

సరే, అసలు పనికొద్దాం. కంప్యూటర్ శబ్దం చేస్తోందంటే వెంటనే హార్డ్ డిస్కుని అనుమానించక్కర్లేదు. లోపల తిరిగేవి చాలా ఉంటాయి: ప్రాసెసర్ మీద ఫ్యాను, ఎస్సెంపీఎస్‌లో ఫ్యాను, డీవీడీ డ్రైవు. ఫ్యానుకి దుమ్ము పడితే 'బుర్ర్' మని ఎడతెగకుండా వస్తుంది, యంత్రం వేడెక్కేకొద్దీ పెరుగుతుంది. వైరు ఏదైనా రెక్కకి తగుల్తుంటే 'టకటకటక' మని వేగంగా వస్తుంది. హార్డ్ డిస్కు మామూలుగా చదివేటప్పుడు చేసే 'గరగర' వేరు, అది ఆరోగ్యమే. భయపడాల్సింది మూడింటికి. ఒకటి, ఒకే లయలో పడే టిక్కు. రెండు, లోహం గీకినట్టు కీచుమనడం. మూడు, 'కుయ్ కుయ్' మని మూలిగి అసలు తిరగకపోవడం, అంటే మోటారు పట్టేసిందని.

తేల్చుకోడం తేలికే. శనివారం పొద్దున్నే పక్క మూత విప్పి, హార్డ్ డిస్కుకి వెళ్ళే రెండు వైర్లూ పీకి ఆన్ చేశా. ఫ్యాన్ల హోరు తప్ప ఇంకేం లేదు. ఆపేసి, వైర్లు మళ్ళీ పెట్టి, పెద్ద స్క్రూడ్రైవర్ మొన డిస్కు ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించుకున్నా. పాతకాలం మెకానిక్కులు ఇంజనుకి చేసే పనే. టిక్.. టిక్.. టిక్.. నాన్న పక్కన నిలబడి వేళ్ళు మడుస్తున్నారు. "చెప్పానా?" అనలేదు. అనుంటే బాగుండేది.

విద్యుత్ సరిగ్గా అందకపోయినా డిస్కు ఇలాగే కొట్టుకోవచ్చు. అందుకని ఇంకో పవర్ వైరు పెట్టి చూశా. తేడా లేదు.

ఈ టిక్కు ఎక్కడ్నించి వస్తుందంటే.. హార్డ్ డిస్కులో అద్దంలాంటి పళ్ళేలుంటాయి. మాది నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120. పళ్ళెం అంచు దగ్గర వేగం గంటకి 120 కిలోమీటర్ల పైమాటే, నేనెక్కి వచ్చిన శాతవాహన కూడా దానిముందు దిగదుడుపే. ఆ పళ్ళేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తున, గాలిపొర మీద తేలుతూ ఒక చిన్న హెడ్డు చదువుతుంది. మన వెంట్రుక మందం వేలకి వేల నానోమీటర్లు. హెడ్డు తానెక్కడుందో తెలుసుకోడానికి పళ్ళెం మీద ఫ్యాక్టరీలోనే గుర్తులు రాసి ఉంటాయి, వీధిలో ఇంటి నంబర్లలాగా. పోస్ట్‌మాన్‌కి నంబరు కనబడకపోతే ఏం చేస్తాడు? వీధి మొదటికి పోయి మళ్ళీ చూసుకుంటూ వస్తాడు. హెడ్డు కూడా అంతే. దొరక్కపోతే చెయ్యి వెనక్కి విసురుగా వచ్చి మళ్ళీ మొదలెడుతుంది. ఆ రావడమే టిక్కు. ప్రతి టిక్కూ ఒక విఫలయత్నం.

ఇప్పుడు ఆలోచించండి, అలాంటి రోగిని పట్టుకుని నేను రాత్రంతా చెక్‌డిస్క్ చేయించా! అది ఫైల్ సిస్టమ్‌ని బాగుచేసే సాధనం, డిస్కుని కాదు. ప్రతి సెక్టారునీ చదివి, చదవలేనిచోట మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, ఆ చావబోయే డిస్కు మీదే కొత్త రాతలు కూడా రాస్తుంది. గుండెపోటు వచ్చినవాణ్ణి ట్రెడ్‌మిల్ ఎక్కించి బీపీ చూడ్డం లాంటిది. డీఫ్రాగ్, యాంటీవైరస్ స్కాన్ కూడా ఆ బాపతే. డిస్కుని ఫ్రిజ్‌లో పెట్టమనే చిట్కా ఒకటుంది. అది అసలొద్దు, మన డెల్టా ఉక్కలో బయటికి తీయగానే లోపలా బయటా చెమ్మ పడుతుంది.

హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి తనే ఒక చిట్టా రాసుకుంటుంది, దాన్ని 'స్మార్ట్' అంటారు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. నాలుగు వరసలు చూస్తే చాలు. 05 అంటే పాడైపోయి వేరేచోటికి మార్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక పెండింగులో పెట్టినవి. సీ6 అంటే ఇక సరిచేయలేనివి. సీ7 పెరుగుతుంటే మాత్రం ముందు కేబుల్ మార్చి చూడండి, డిస్కు నిర్దోషి అయ్యుండొచ్చు. మాదాంట్లో సీ7 సున్నా, సీ5 దగ్గర 138. "నూట ముప్పై ఎనిమిదేగా" అని ఊపిరి పీల్చుకున్నా. తర్వాత వెలిగింది, ఆ సాఫ్ట్‌వేర్ అంకెలు హెక్సాలో చూపిస్తుందని. 138 హెక్సా అంటే మనకి 312. స్టోరేజీ ఇంజనీరు గారు అలా రెండోసారి బోల్తాపడ్డారు :)

"ఆ చిట్టా బాగుంటే డిస్కు బాగున్నట్టేనా?" అని అడిగారు నాన్న. కాదు. గూగుల్ వాళ్ళు 2007లో లక్షకి పైగా డిస్కుల్ని పరిశీలించి ఒక పేపరు రాశారు. స్కాన్‌లో మొదటి తప్పు కనబడ్డ డిస్కు, కనబడనిదానికంటే, తర్వాతి అరవై రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. అదే పేపర్లో ఇంకో ముక్క కూడా ఉంది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన ఆ గుర్తుల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. అంటే చిట్టాలో తప్పుంటే నమ్మాలి, తప్పు లేకపోతే నమ్మకూడదు. మా నాన్నకి ఈ తర్కం తెగ నచ్చింది.

గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ షాపుకెళ్ళాం. షాపాయన డిస్కుని చేతిలోకి తీసుకోకుండానే ఒక ప్రశ్న అడిగాడు. "సార్, మీకు కంప్యూటర్ కావాలా, డేటా కావాలా?" ఎంత మంచి ప్రశ్నో చూడండి. కంప్యూటర్ కావాలంటే అరగంట పని: కొత్తది బిగించి, విండోస్ వేసి ఇచ్చేస్తాడు. డేటా కావాలంటే కథ వేరు. "డబ్బా విప్పుతానని ఎవరన్నా అంటే ఇవ్వకండి సార్. ఇక్కడ గాల్లో ఉన్న దుమ్ము చాలు దాన్ని చంపడానికి. ల్యాబుకి పంపాలి, వేలల్లో అడుగుతారు, గ్యారంటీ ఇవ్వరు. ఇంకా చదువుతోందంటే ముందు మీరే కాపీ లాగండి."

రేటు గురించి అడిగితే నవ్వి, 2011 సంగతి చెప్పాడు. ఆ ఏడు థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి హార్డ్ డిస్కు ఫ్యాక్టరీలు మునిగిపోయాయి. ప్రపంచంలో తయారయ్యే డిస్కుల్లో పెద్ద వాటా అక్కడిదే కావడంతో ఇక్కడ బెజవాడలో కూడా రేట్లు ఒక్కసారిగా పైకెళ్ళాయట. "ఎక్కడో వరదొస్తే నా కౌంటర్లో స్టాకుండదు సార్, అదీ ఈ బిజినెస్సు" అన్నాడు. విండోస్ కోసం చిన్న ఎస్సెస్‌డీ ఒకటి, డేటా కోసం ఒక టీబీ హార్డ్ డిస్కు ఒకటి, పైన ఒక పోర్టబుల్ డ్రైవు కొని ఇంటికొచ్చాం.

కాపీ లాగడమంటే ఫోల్డరు తెరిచి కాపీ పేస్ట్ చెయ్యడం కాదు. పాడైన ఒక్క ఫైలు దగ్గర విండోస్ భీష్మించుకుని కూచుంటుంది, ఈలోపు డిస్కు ప్రాణం పోతుంది. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం వాడా. దాని పద్ధతి మన పరీక్షల పద్ధతే: ముందు వచ్చిన ప్రశ్నలన్నీ రాసెయ్, రానివి వదిలెయ్, టైముంటే చివర్లో వాటి సంగతి చూద్దాం. తేలిగ్గా చదవగలిగిందంతా ముందు కొత్త డిస్కు మీదికి లాగేసి, కష్టమైన చోట్లని ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది. కరెంటు పోయినా ఆ మ్యాపు ఉంటే మళ్ళీ అక్కడ్నించే అందుకుంటుంది. ఆ మ్యాపు ఫైలు లేకుండా మాత్రం దీన్ని మొదలెట్టకండి. ఎక్కణ్ణించి ఎక్కడికి అన్నది కూడా రెండుసార్లు చూసుకోండి. తిరగేసి ఇచ్చారంటే ఖాళీ డిస్కుని తెచ్చి మీ పెళ్ళి మీద రాసేస్తుంది.

సాయంత్రం ఏడింటికి మొదలెట్టా. డిస్కు మీదికి టేబుల్ ఫ్యాను తిప్పాం. రెండున్నర గంటల్లో దాదాపు అంతా వచ్చేసింది. మిగిలిన పిసరు కోసం రాత్రంతా పట్టింది. అమ్మ పన్నెండింటికి లేచి మజ్జిగ ఇచ్చి, "ఎంతొచ్చింది?" అని అడిగింది. "తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది" అన్నా. "పెళ్ళి వచ్చిందా?" అంది. శాతాల్లో జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదది.

తెల్లారి ఆరింటికి ఆపేశా. రానిది 190 కేబీ, అంటే 380 సెక్టార్లు. ఐదొందల జీబీలో అదెంత? మా ఆఫీసులో అయితే ఎవరూ తలెత్తి కూడా చూడరు. ఇక ఆ 380 ఏ ఫైళ్ళలో పడ్డాయో చూడాలి. డీడీరెస్క్యూలోనే దానికో ఉపాయం ఉంది, ఖాళీగా మిగిలిన చోట్ల ఒక గుర్తుమాట నింపమని చెప్పి, తర్వాత ఆ మాట ఏ ఫైళ్ళలో ఉందో వెతకడం. చూస్తే పదకొండు ఫైళ్ళు. ఎనిమిది విండోస్‌వి. ఒకటి నా బీటెక్ ప్రాజెక్టు రిపోర్టు, ప్రపంచానికి నష్టమేమీ లేదు. ఒకటి పెళ్ళి ఫోటో: తలంబ్రాల ఫోటోలో పై సగం బాగానే ఉంది, కింద సగం బూడిద రంగు. అమ్మ మొహం ఉంది, నాన్న మొహం ఉంది, దోసిళ్ళు లేవు. అమ్మ దాన్ని చాలాసేపు చూసి "పోన్లే, మిగతావన్నీ ఉన్నాయిగా" అంది. అక్కడి నుంచి మాత్రం కదల్లేదు.

పదకొండోది నాయనమ్మ రికార్డింగు.

వింటున్నాం. ఇరవై ఏడో నిమిషం దగ్గర, నీళ్ళు తగ్గాక చెట్టు మీంచి దిగి ఎవరెవరు మిగిలారో, ఎవరు లేరో చెప్తోంది. పేర్లు వరసగా చెప్తోంది. ఒక పేరు దగ్గర 'టప్' మని చిన్న శబ్దం, తర్వాతి మాట. లెక్కేశా: 8 సెక్టార్లు, 4096 బైట్లు, 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో పావు సెకను. పావు సెకనులో ఒక పేరు పోయింది. ఉప్పెనలో ఒకసారి పోయినవాడు.. సరే, వదిలెయ్యండి.

నాన్న నా వైపు చూడకుండానే ఆ పేరు చెప్పారు. పక్కింటి కుర్రాడట, ఈయన ఈడువాడే. ఇద్దరూ ఒకే పలక మీద రాసుకునేవారట. ఇంటిపేరు, వాళ్ళ నాన్న పేరు, వాళ్ళ గొడ్ల చావిడి ఎటువైపుండేదో కూడా చెప్పారు. రికార్డింగులో కూడా లేని సంగతులవి. నేను ఒక తెల్లకాగితం తీసుకుని రాసుకున్నా. ఆ ఆదివారమంతా ఇంక కంప్యూటర్ జోలికి పోకుండా ఆయన చెప్పింది రాస్తూనే ఉన్నా. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నాకు, ఈ ప్రశ్నలు అంతకుముందు ఎప్పుడూ అడగలేదు.

బ్యాకప్పుల గురించి ఫోటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, అందులో ఒకటి వేరే ఊళ్ళో. మనవాళ్ళందరికీ ఇంటర్వ్యూల దాకా కంఠతా వచ్చు. చివరి అంకె మీద మాత్రం మా ఇంట్లో చర్చ జరిగింది. పోర్టబుల్ డ్రైవుని అవనిగడ్డలో పెదనాన్నగారింట్లో పెడదామన్నారు నాన్న. వద్దన్నా. అటు సముద్రం, ఇటు బుడమేరు, మధ్యలో కృష్ణ. రెండు కాపీలూ ఒకే నీటి దారిలో ఉంటే అది ఒక్క కాపీ కిందే లెక్క. దాన్ని నాతో హైదరాబాదు తెచ్చుకున్నా. ఇంకో కాపీ క్లౌడులోకి ఎక్కించా. నెలకోసారి తెరిచి ఒక ఫోటో చూడ్డం నాన్న డ్యూటీ. తెరిచి చూడని బ్యాకప్పు ఉన్నట్టో లేనట్టో చెప్పలేం కదా.

ఒక్క విషయం మాత్రం ఇంకా మనసులో తిరుగుతోంది. కొత్తగా పెట్టిన ఎస్సెస్‌డీలో తిరిగేవేవీ లేవు, చప్పుడే చెయ్యదు. అమ్మకి తెగ సంతోషం. కానీ అలాంటివి పోయేటప్పుడు కూడా చప్పుడు చెయ్యవు, నిన్నటిదాకా బాగుండి ఇవాళ కనబడకుండా పోతాయి. ఆ పాత డిస్కు పాపం మూడు వారాలు అరిచి చెప్పింది. వినాల్సినవాడు మీటింగులో ఉన్నాడు.

దాన్ని పారెయ్యలేదు. నాన్న దాన్ని ఒక గుడ్డలో చుట్టి అటక మీద పెట్టారు. ఎందుకంటే, "ఆ పేరు ఇంకా అందులోనే ఉందిగా" అన్నారు.